పాయింట్ల మీద ఇంజను ఆగిపోతోంది, రెండుచోట్ల షార్ట్ కొడుతోంది: వైరింగ్ ఎట్లా మార్చుకోవాలి?

పాకాల_లూప్‌లైన్ (తిరుపతి)

అన్నలందరికీ నమస్కారం. ముందు నా మోడల్ రైల్వే లేఔట్ వివరాలు చెప్పేస్తాను.

హెచ్‌ఓ స్కేలు (అసలుకు 87వ వంతు), 16.5 మి.మీ. గేజి, కోడ్ 100 పట్టా (ఎత్తు 0.1 అంగుళం). 12 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ బల్ల, మేడమీద గదిలో ఉంది. పాకాల జంక్షన్ పోలికతో వేసింది: ఒక కొస కాట్పాడి, ఇంకో కొస తిరుపతి, మూడోది ధర్మవరం వైపు. పాయింట్లు (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట్లు) 8. అందులో ఐదింటికి లోహపు ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే వీ ఆకారపు ముక్క), మూడింటికి ప్లాస్టిక్ ఫ్రాగ్. నడిపేది డీసీసీతో (పట్టాలోంచే ఒక్కో ఇంజనుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి). పట్టాకు కరెంటు ఇచ్చే బూస్టర్ 3 ఆంపియర్లది, పట్టా మీద 14.6 వోల్టులు చూపిస్తోంది. పాయింట్లు తిప్పేది చేత్తోనే, మోటార్లు లేవు. పట్టాకు ఫీడర్లు (కరెంటు తెచ్చే వైర్లు) మొత్తం లేఔట్‌కి రెండే చోట్ల ఉన్నాయి, మిగతాదంతా ఫిష్‌ప్లేట్ల (పట్టా కొసలను కలిపే లోహపు జాయినర్ల) మీదే నడుస్తోంది.

సమస్యలు ఇవీ. చిన్న ఆరు చక్రాల షంటింగ్ ఇంజను ప్లాస్టిక్ ఫ్రాగ్ మీదికి రాగానే నిలిచిపోతుంది. వేలితో తోస్తే కదులుతుంది. పెద్ద ఇంజను దాటుతుంది కానీ లైటు రెపరెపలాడి, సౌండ్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 3, 5 నంబరు పాయింట్లు లోహపు ఫ్రాగ్‌వే. బ్లేడు (పాయింటులో అటూ ఇటూ కదిలే మొనదేలిన పట్టా) అంచు తుడిస్తే పది రోజులు బాగుంటాయి, తర్వాత వాటి అవతలి సైడింగ్ (పక్క లైను) మొత్తం చచ్చిపోతుంది. 6వ పాయింటు ప్లాస్టిక్ ఫ్రాగ్‌ది, దానిమీద ఒక పెట్టె దాటేటప్పుడు మాత్రం బూస్టర్ ట్రిప్ అవుతుంది. 2వ పాయింటు లోహపుది, అది పొద్దున బాగుండి మధ్యాహ్నం పూట షార్ట్ చూపిస్తుంది.

మల్టీమీటరు పెడితే అన్నిచోట్లా బీప్ వస్తోంది. ఐదు పాయింట్లకు కంకర వేసి జిగురు పోసేశాను కాబట్టి పెకిలించకుండా దారి ఉంటే చెప్పండి.

రేణిగుంట_వెస్ట్‌కేబిన్

మీరు చెప్పినవి ఒకే జబ్బు కాదు, నాలుగు. అందుకే తుడవడంతో ఒకటి తగ్గినట్టు కనిపించి ఇంకోటి మిగులుతోంది.

3, 5 సంగతి ముందు చూద్దాం. బ్లేడుకు కరెంటు వచ్చేది పక్కనున్న స్టాక్ రైలును (కదలని బయటి పట్టాను) తాకడం వల్లే. ఒక భూతద్దం తీసుకుని పాయింటును ఒక పక్కకు వేసి, బ్లేడు కొసను స్టాక్ రైలు నుంచి కొంచెం విడదీసి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున సన్నటి గీత మెరుస్తుంటుంది. మిగతాదంతా మసగ్గా, గోధుమరంగులో ఉంటుంది. ఇంజను మొత్తానికి కరెంటు పోయేది ఆ మెరిసే గీతలోంచే. లోహపు ఫ్రాగ్ పాయింటులో బ్లేడు, ఫ్రాగ్, ఫ్రాగ్ తర్వాతి పట్టా అన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి ఆ గీత మసకబారితే సైడింగంతా పోతుంది. జిగురు నీళ్లు, పట్టా పక్కలకు కొట్టిన తుప్పు రంగు, సాంబ్రాణి పొగ, తాలింపు ఆవిరి, దుమ్ము అన్నీ చేరేది అక్కడికే. పైగా బ్లేడు వెనక కీలు దగ్గర వదులైతే, కొస ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

ఇక మల్టీమీటరు బీప్. అది మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. బీప్ పరీక్షలో మీటరు పంపే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు అటూ ఇటూ. చాలా మీటర్లు 30 ఓములు అడ్డం ఉన్నా బీప్ కొడతాయి. ఇంజను లాగేది 200 నుంచి 500 మిల్లీ ఆంపియర్లు. 10 ఓముల కలయిక బీప్‌కు బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంజనుకు నాలుగు వోల్టులు మింగేస్తుంది.

బల్బుతో చూడండి. బైకుకు వాడే 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి, రెండు వైర్లు, కొసల్లో రెండు గుండుసూదులు. బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఇంజను లెక్కే. ఒక సూదిని అవతలి స్టాక్ రైలు మీద, రెండోదాన్ని బ్లేడు మీద పెట్టి, బల్బు వెలుగుతుండగానే దాని రెండు కొసల మధ్య వోల్టేజి చూడండి. తర్వాత ఒక పంటిపుల్లతో బ్లేడును స్టాక్ రైలు వైపు మెల్లగా నొక్కండి. నొక్కగానే బల్బు ఒక్కసారిగా ప్రకాశవంతమైతే దొంగ దొరికినట్టే. మామూలు మీటరు ఏసీ రేంజిలో డీసీసీని కచ్చితంగా కొలవదు కానీ ఇక్కడ మనకు కావలసింది పోలిక మాత్రమే, అంకె కాదు.

నాలుగు చోట్ల కొలిచి ఇక్కడ రాయండి: ఫీడరు దగ్గర, 3వ పాయింటు బ్లేడు మీద, 5వ దాని మీద, సైడింగ్ చివర.

పాకాల_లూప్‌లైన్ (తిరుపతి)

బల్బుతో కొలిచినవి. ఫీడరు దగ్గర 14.3. 3వ పాయింటు బ్లేడు మీద 9.8, పంటిపుల్లతో నొక్కితే 14కి పోతోంది. 5వ పాయింటు బ్లేడు మీద 12.1, నొక్కినా 12.4కి మించి రావడం లేదు. నాలుగు ఫిష్‌ప్లేట్ల అవతల ఉన్న సైడింగ్ చివర 12.6, అది పాయింటుతో సంబంధం లేని లైను.

రేణిగుంట_వెస్ట్‌కేబిన్

అంకెలే అంతా చెప్పేస్తున్నాయి. 3వ దాంట్లో నాలుగున్నర వోల్టులు పోతున్నాయి, అంటే సుమారు 12 ఓములు. నొక్కితే బాగవుతోంది కాబట్టి అది బ్లేడు కొస దోషం. 5వ దాంట్లో నొక్కినా మార్పు లేదంటే కొస బాగానే ఉంది, కీలు దగ్గర పోతోంది. మీరు పది రోజులకోసారి తుడుస్తున్నది కొస. అసలు జబ్బు ఉన్న చోటు కీలు. సైడింగ్‌లో 1.7 వోల్టులు పోవడం ఫిష్‌ప్లేట్ల పని. రెండు పట్టాలకూ కలిపి ఎనిమిది కలయికలు, ఒక్కోటి అర ఓము చొప్పున తింటోంది.

మూడింటికీ మందు ఒకటే సూత్రం: కరెంటు తాకిడి మీద ఆధారపడకూడదు. ప్రతి పట్టా ముక్కకూ దాని సొంత వైరు, సోల్డరింగ్‌తో ఉండాలి. ఫిష్‌ప్లేటు పట్టాలను వరసలో నిలబెట్టడానికి, బ్లేడు చక్రాన్ని మళ్లించడానికి. కరెంటు మోయడం వాటి పని కాదు.

బల్ల కింద 2.5 చదరపు మి.మీ. మల్టీస్ట్రాండ్ వైరు రెండు వరసలు బస్సుగా (అన్నిటికీ కరెంటు పంచే మెయిన్ వైర్లుగా) లాగండి, ఎరుపు, నలుపు. మీటరుకు 0.007 ఓములే కాబట్టి 5 మీటర్ల దూరం పోయి వెనక్కి వచ్చినా, 3 ఆంపియర్ల దగ్గర పోయేది సుమారు 0.2 వోల్టే. దాన్నుంచి ప్రతి పట్టా ముక్కకూ 0.5 చదరపు మి.మీ. వైరు, అడుగుకు మించకుండా. పాయింట్ల దగ్గర వేయాల్సినవి తర్వాత వచ్చేవాళ్లు ఇంకా బాగా చెబుతారు.

టంకం_చుట్ట (చిత్తూరు)

అన్నా, పెకిలించకుండా చేసేదానికి అవుతాది. నాలుగు పాయింట్లు అట్లానే చేసి ఉండాము. ఓపికగా చదవండి.

లోహపు ఫ్రాగ్ పాయింటులో పని మూడు భాగాలు. ఒకటి, బ్లేడు ఉండే లోపలి పట్టాను (దాన్ని క్లోజర్ రైలు అంటారు) ఫ్రాగ్ నుంచి విడదీయాల. రెండు, ఆ క్లోజర్ రైలును దాని పక్కనుండే స్టాక్ రైలుకు వైరుతో కలపాల. మూడు, ఫ్రాగ్‌కు విడిగా ఒక వైరు తీసి స్విచ్చికి ఇవ్వాల. ఫ్రాగ్ అవతల పోయే రెండు పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు (కరెంటు దాటనివ్వనివి) తప్పనిసరి. అవి లేకుంటే ఈ పనంతా వృథా, అవతలి ఫీడరు నుంచి ఫ్రాగ్‌కి షార్ట్ కొడతాది.

కొత్త పాయింటు అయితే తిరగేసి చూడండి. కొన్ని రకాల్లో క్లోజర్ రైలుకూ ఫ్రాగ్‌కూ మధ్య ముందే సందు ఉండి, అడుగున రెండు సన్న తీగలతో కలిపి ఉంటాది. ఆ తీగలు కత్తిరిస్తే చాలు. పెకో యూనిఫ్రాగ్ రకంలో అయితే ఫ్యాక్టరీలోనే క్లోజర్ రైళ్లు స్టాక్ రైళ్లకు కలిపి, ఫ్రాగ్‌ను విడదీసి, దానికి వైరు కూడా పెట్టి ఇస్తారు. ఇకమీదట కొనేవి అట్లాంటివి కొనుక్కుంటే సగం పని తగ్గుతాది.

మీవి జిగురేసి ఉన్నాయి కాబట్టి పైనుంచే కోయాల. మినీ డ్రిల్లుకు సన్న కటింగ్ డిస్కు వేసి, ఫ్రాగ్ ముందర రెండు స్లీపర్ల మధ్య రెండు క్లోజర్ రైళ్లనూ నిట్టనిలువుగా కోయండి. స్లీపరు పైన కోయొద్దు, రెండు ముక్కలూ చెరొక స్లీపరు పట్టులో ఉండాల. కోసిన సందు తెరిచి వదిలేయొద్దు. పాత ఏటీఎం కార్డు 0.76 మి.మీ. మందం ఉంటాది. దాన్ని ఉప్పుకాగితం మీద కొంచెం అరగదీసి, సందులో బిగుతుగా దూర్చి, సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, ఆరినాక పట్టా ఆకారానికి ఆకురాయితో రాయండి. కంటికి కనపడదు.

ఇప్పుడు సోల్డరింగ్. అందరూ ఇక్కడే స్లీపర్లు కరగబెట్టేది. 25 వాట్ల చిన్న ఐరన్ పట్టుకుని పట్టా వేడెక్కేదాకా పది సెకన్లు నిలబెడతారు, ఆ వేడంతా ప్లాస్టిక్‌లోకి పోతాది. 60 వాట్ల ఐరన్, ఉలి మొన బిట్టు, రెండు సెకన్లు. అంతే. పట్టాను స్టాక్ రైలు వైపు ముఖం మీద కత్తి బ్లేడుతో గీకి మెరిసేట్టు చేయండి, రోజిన్ ఫ్లక్స్ రవ్వంత పూయండి, ముందు పట్టాకు విడిగా టిన్నింగ్ (పలుచగా లెడ్డు పూత) చేయండి, వైరుకు విడిగా చేయండి, అప్పుడు రెండూ కలిపి ఐరన్ తాకించండి. రెండు పక్కలా తడి దూది ముద్దలు పెట్టుకుంటే వేడి దాటిపోదు. 60/40 లెడ్డు (సోల్డర్ తీగ) 190 డిగ్రీల లోపే కరుగుతాది, 0.8 మి.మీ. చుట్ట తీసుకోండి. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం తేవద్దు. ఆరు నెలలకు పచ్చగా చిలుం పట్టి తీగ తెగిపోతాది.

లెడ్డు గడ్డ ఎప్పుడూ చక్రం అంచు నడిచే వైపు రాకూడదు. క్లోజర్ రైలుకూ స్టాక్ రైలుకూ మధ్య దూరం ఎక్కువుండే చోటు, అంటే ఫ్రాగ్‌కు దగ్గరగా, పట్టా నడుముకు కింది భాగంలో పెట్టండి. ఆ పక్కనే 2 మి.మీ. బిట్టుతో బల్లకు రంధ్రం వేసి వైరు కిందికి దింపితే పైన ఏమీ కనపడదు.

5వ పాయింటు మాత్రం ఇంతటితో బాగుపడదు. కీలు దగ్గర పోతోంది కదా, క్లోజర్ రైలుకు వైరిచ్చినా కీలు అవతలి బ్లేడుకు చేరదు. దానికి ఫ్లెక్సిబుల్ వైరులోంచి ఒకే ఒక పోగు తీసి, బ్లేడు మడమ దగ్గర ఒక కొస, క్లోజర్ రైలు మీద ఇంకో కొస పెట్టండి. మధ్యలో కొంచెం వంపు వదలండి, బిగుతుగా లాగితే బ్లేడు తిరగదు. ఆ పోగు వెంట్రుక మందమే ఉంటాది, అయినా ఒక ఇంజను కరెంటును మోస్తాది.

కిందికి దింపే తీగకు లాన్ కేబుల్ లోపలి 0.5 మి.మీ. ఒంటి తీగ బాగుంటాది, జానెడు పొడవు మించొద్దు. కొనేటప్పుడు బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత వేసింది, లెడ్డు సరిగ్గా పట్టదు, రెండుసార్లు వంచితే తెగుతాది. లోపలిదాకా ఎర్రగా ఉండేదే తీసుకోండి.

రేణిగుంట_వెస్ట్‌కేబిన్

టంకం_చుట్ట గారు చెప్పినదానికి ఒక చేర్పు. కోయడం అయ్యాక, ఏ వైరూ బస్సుకు కలపకముందే మీటరుతో ఫ్రాగ్ నుంచి నాలుగు పట్టాలకూ చూడండి. పాయింటు అటు వేసినా ఇటు వేసినా ఫ్రాగ్ దేనితోనూ కలవకూడదు. ఈ ఒక్కచోట బీప్ పరీక్ష నమ్మొచ్చు, ఎందుకంటే ఇక్కడ మనం వెతికేది కలయిక కాదు, కలవకపోవడం.

ఎస్‌అండ్‌టీ_మిత్రుడు (తిరుపతి)

నమస్కారం. అసలు రైల్వేలోనూ లెక్క ఇదే. ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు) ఉన్న పాయింట్లలో టంగ్ రైలు (మనం బ్లేడు అనేదే) స్టాక్ రైలును ఆనుకుంది కాబట్టి కరెంటు పోతుందిలే అని వదలరు, జంపర్లు, బాండ్ వైర్లు వేస్తారు. ఆనుకోవడాన్ని విడిగా పరీక్షిస్తారు: టంగ్ కొస నుంచి 150 మి.మీ. దగ్గర 5 మి.మీ. మందం ముక్క అడ్డం పెడితే పాయింటు లాక్ కాకూడదు, డిటెక్షన్ (పాయింటు సరిగ్గా కూర్చుందన్న సూచన) రాకూడదు. మోడల్‌లోనూ ఆనుకోవడం ఒక పరీక్ష, కరెంటు ఇంకో పరీక్ష. రెండూ కలిపేయొద్దు.

మీ 2వ పాయింటు మధ్యాహ్నం షార్ట్ గురించి. గది మేడమీద ఉందన్నారు, అందులోనే జవాబుంది. పట్టా నికెల్ సిల్వర్. పేరులో తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు మిశ్రమం. డిగ్రీకి మీటరుకు సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. మన ఎండల్లో మేడగది పొద్దున 27, మధ్యాహ్నం 41 ఉందనుకుందాం. 14 డిగ్రీలకు మీటరు పట్టా పావు మిల్లీమీటరు సాగుతుంది. పట్టా జాయింట్లన్నీ సోల్డర్ చేసి రెండు మీటర్లు ఒకే పట్టాగా చేసి ఉంటే దాదాపు అర మిల్లీమీటరు. అదంతా ఒకవైపుకే తోసుకొస్తే, ఫ్రాగ్ అవతల మీరు వదిలిన సందు మూసుకుపోతుంది. పట్టాలు రెండూ తాకుతాయి, బూస్టర్ ట్రిప్. సాయంత్రం చల్లబడగానే విడిపోతాయి, మీరు వెతికేసరికి ఏమీ ఉండదు.

మధ్యాహ్నం 3 గంటలప్పుడు ఆ సందులోకి పలుచటి కాగితం ముక్క దూర్చి చూడండి. దూరకపోతే అదే కారణం. ఇన్సులేటెడ్ జాయినరు వేసి ఉన్నా మధ్యలో అడ్డు ముక్క అరిగిపోయిందేమో చూసుకోండి. రైల్వే గ్లూడ్ జాయింట్‌లో రెండు పట్టా కొసల మధ్య ఎండ్ పోస్ట్ అని ఒక ఇన్సులేషన్ పలక ఉంటుంది, అది లేకుండా జాయింట్ ఉండదు. మీ ఏటీఎం కార్డు ముక్క చేసే పని అదే. ఇంకోటి, ఆ లైనులో ప్రతి రెండు మూడు జాయింట్లకు ఒకటి సోల్డర్ చేయకుండా అర మిల్లీమీటరు సందుతో వదిలి, రెండు పక్కలా ఫీడర్లు ఇవ్వండి. సాగే పట్టాకు చోటుంటుంది. సందులు చల్లటి పూట వదలాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పట్టా వేసేవాళ్లు సందు వదలకపోయినా నష్టం లేదు, అప్పటికే అది సాగి ఉంటుంది.

కార్తీకం వానల్లో ఇంకో రకం తేడా వస్తుంది. ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. బల్ల అడుగు భాగానికి, అంచులకు ఒక పూత వార్నిష్ కొట్టి ఉంచితే ఈ ఆట చాలావరకు తగ్గుతుంది.

చంద్రగిరి_షంటర్

ఇక ఫ్రాగ్ స్విచ్చి, ప్లాస్టిక్ ఫ్రాగ్‌ల సంగతి.

ఫ్రాగ్ పోలారిటీకి ఒకే నియమం గుర్తుపెట్టుకోండి: బ్లేడు ఏ స్టాక్ రైలుకు ఆనుకుందో, ఫ్రాగ్‌కు ఆ స్టాక్ రైలు పోలారిటీ రావాలి. కుడి పాయింటా, ఎడమ పాయింటా, నేరుగానా, మలుపుకా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. స్విచ్చి నడిమి కాలు ఫ్రాగ్‌కు, రెండు పక్కల కాళ్లు రెండు స్టాక్ రైళ్లకు. తప్పు వస్తే ఇంజను ఫ్రాగ్ ఎక్కగానే ట్రిప్ అవుతుంది, పక్క కాళ్లు రెండూ తారుమారు చేస్తే సరి.

మీవి చేత్తో తిప్పేవి కాబట్టి మోటార్ల జోలికి పోకుండా రెండు వరసల కాళ్ల స్లైడ్ స్విచ్చి ఒక్కో పాయింటుకు చాలు. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో దొరుకుతుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయేవాళ్లుంటే డజను తెప్పించుకోండి. స్విచ్చిని బల్ల అంచున బిగించి, దాని పిడికి 0.8 మి.మీ. స్ప్రింగు తీగ కట్టి, తీగ రెండో కొసను పాయింటు కదిపే అడ్డపట్టీకి తగిలించండి. స్విచ్చి కదిలే దూరం పాయింటు కదిలే దూరంకంటే ఎక్కువుంటుంది కాబట్టి తీగ మధ్యలో సున్నా ఆకారపు వంపు ఒకటి తిప్పండి, మిగిలిన కదలికను ఆ వంపు తినేసి, బ్లేడును ఎప్పుడూ స్టాక్ రైలుకు అదిమి ఉంచుతుంది. ఒకే కదలికలో పాయింటూ తిరుగుతుంది, ఫ్రాగ్ పోలారిటీ కూడా మారుతుంది. మర్చిపోయే ప్రసక్తే లేదు.

ఇందులో ఒక మెలిక. క్లోజర్ రైళ్లను స్టాక్ రైళ్లకు కలపకుండా, ఫ్రాగ్‌తోనే ఉంచి స్విచ్చి పెడితే ప్రమాదం. బ్లేడు అవతలి స్టాక్ రైలును తాకేసరికి స్విచ్చి ఇంకా మారి ఉండకపోవచ్చు, ఆ క్షణంలో షార్ట్. డీసీలో కనిపించదు, డీసీసీ బూస్టర్ మాత్రం పట్టేస్తుంది. టంకం_చుట్ట గారు చెప్పినట్టు విడదీసి కలిపితే తెరిచి ఉన్న బ్లేడు కూడా తన పక్క స్టాక్ రైలు పోలారిటీతోనే ఉంటుంది. చక్రం వెనక భాగం దాన్ని రాసుకుపోయినా షార్ట్ రాదు.

6వ పాయింటులో ఒకే పెట్టెకు ట్రిప్ అవుతోందంటే తప్పు ఆ పెట్టె చక్రాలదో, ఫ్రాగ్ కొసదో తేల్చాలి. ప్లాస్టిక్ ఫ్రాగ్‌లో వీ ఆకారం కొస దగ్గర రెండు వేర్వేరు పోలారిటీ పట్టాలు మిల్లీమీటరు దూరానికి వచ్చేస్తాయి. లోహపు చక్రం తొక్కు వెడల్పుగా ఉంటే రెండింటినీ ఒకేసారి తాకుతుంది. వెర్నియర్‌తో ఆ పెట్టె ప్రతి చక్రాల జత లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. 14.4, 14.5 మి.మీ. దగ్గర ఉండాలి. ఒక జత 14.1 వస్తే దాన్ని ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ బయటికి లాగి సరిచేయండి, నేరుగా పీకితే చక్రం వంకర పోతుంది. కొలతలన్నీ సరిగ్గా ఉంటే, వీ కొస దగ్గర రెండు పట్టాల మీదా ఒక సెంటీమీటరు మేర రంగులేని గోళ్లరంగు రెండు పూతలు వేయండి. ట్రిప్ ఆగిపోతే కారణం దొరికినట్టు. గోళ్లరంగు కొన్ని నెలల్లో అరిగిపోతుంది, మళ్లీ వేసుకోవాలి.

షంటింగ్ ఇంజను ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద ఆగడానికి మాత్రం వైరింగ్‌లో పూర్తి మందు లేదు, నిజం చెప్పాలి. చక్రాల మధ్య దూరం తక్కువ, ప్లాస్టిక్ ముక్క పొడవు ఎక్కువ, కరెంటు తీసుకునే చక్రాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. డీకోడర్‌కు (ఇంజను లోపల డీసీసీ ఆదేశాలు అందుకునే చిప్పుకు) కీప్ అలైవ్ కెపాసిటర్ (కాసేపటికి సరిపడా కరెంటు నిల్వ ఉంచేది) పెడితే అర సెకనో సెకనో నడుస్తుంది, ఫ్రాగ్ దాటడానికి అది సరిపోతుంది. డీకోడర్‌లో దానికి తీగలు లేకపోతే అడ్డదిడ్డంగా కలపొద్దు. నా సలహా వేరే: ఆ మూడు ప్లాస్టిక్ పాయింట్లూ షంటింగ్ యార్డులో ఉంటే తీసేయండి, అట్లాంటివి పెద్ద ఇంజన్లు వేగంగా పోయే మెయిన్ లైనుకే సరి. యార్డులో లోహపువి పెట్టండి. జిగురు వేయని మూడూ అవే అయితే పని ఇంకా తేలిక.

పాకాల_లూప్‌లైన్ (తిరుపతి)

అందరికీ ధన్యవాదాలు అన్నా. మూడు ప్లాస్టిక్‌వీ జిగురు వేయనివే, యార్డులోనే ఉన్నాయి. మార్చేస్తాను. మధ్యాహ్నం 3కి కాగితం ముక్క 2వ పాయింటు సందులో దూరలేదు. ఆ పెట్టెలో ఒక జత 14.0 వచ్చింది.

రెండు సందేహాలు. ఫ్రాగ్ జ్యూసర్ పెడితే స్విచ్చి గొడవ ఉండదంటారు, నిజమేనా? పట్టా తుడిచేదానికి ఏం వాడాలి, ఉప్పుకాగితం వాడొచ్చా?

చంద్రగిరి_షంటర్

జ్యూసర్ పనిచేసేది షార్ట్‌ను పసిగట్టి. ఇంజను తప్పు పోలారిటీ ఫ్రాగ్ ఎక్కగానే క్షణంలో అది పోలారిటీ తిప్పేస్తుంది. డీసీసీకే పనికొస్తుంది, డీసీకి కాదు. ట్రిప్ అయ్యే బూస్టర్ కంటే ముందు అది స్పందించాలి, బూస్టర్ మరీ చురుకైనదైతే రెండూ పోటీ పడతాయి. సర్వో మోటార్లతో, స్విచ్చి పెట్టే చోటు లేని ఇరుకు పాయింట్లకు మంచిదే. చేత్తో తిప్పే మీ లోహపు ఫ్రాగ్ పాయింట్లకు స్లైడ్ స్విచ్చే నమ్మకం.

టంకం_చుట్ట (చిత్తూరు)

ఉప్పుకాగితం వద్దంటే వద్దు. గీతలు పడి, ఆ గీతల్లో మసి ఇంకా తొందరగా చేరతాది. మొబైల్ రిపేరు వాళ్ల దగ్గర దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), 99 శాతం ఉండేది, పాత కాటన్ బనియన్ గుడ్డకు తడిపి తుడవండి. చేతులకు పూసుకునే శానిటైజర్ అదే కదా అని వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటాది, పట్టా మీద పొరలాగా మిగిలిపోతాది. బ్లేడుకూ స్టాక్ రైలుకూ మధ్య ఐపీఏ తడిపిన కాగితం పట్టీ పెట్టి, పాయింటు మూసి, పట్టీని లాగితే లోపలి మసి కాగితానికి వచ్చేస్తాది. వైర్లు వేసినాక ఇది ఆరు నెలలకోసారి చాలు.

ఇంకోసారి కంకరకు జిగురు పోసేటప్పుడు బ్లేడ్ల కిందా అడ్డపట్టీ కిందా ముందు చుక్క చుక్క కుట్టు మిషను నూనె వేయండి, జిగురు అక్కడ పట్టదు. ఆరినాక ఐపీఏతో నూనె తుడిచేయండి.

ఎస్‌అండ్‌టీ_మిత్రుడు (తిరుపతి)

అన్నీ అయ్యాక చివరి పరీక్ష. రూపాయి నాణెం తీసుకుని ఫీడరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చోట, ప్రతి సైడింగ్ చివరా, ప్రతి లోహపు ఫ్రాగ్‌కూ స్టాక్ రైలుకూ మధ్య (పోలారిటీ వేరుగా ఉన్న వైపు) పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. ఎక్కడైనా ట్రిప్ కాకుండా రెండు సెకన్లు గడిచిందంటే ఆ దారిలో ఇంకా ఎక్కువ ఓములున్నాయి. రేపు నిజంగా పెట్టె పట్టా తప్పి షార్ట్ అయినప్పుడు ఆ 3 ఆంపియర్లూ చక్రాల్లోంచి, సన్న తీగల్లోంచి ఆగకుండా పోతూ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. అక్కడ ఇంకో ఫీడరు వేసి మళ్లీ చూడండి. నాణెం మాత్రం ఒక క్షణం తాకించి తీసేయాలి, పెట్టి వదలొద్దు.